నాలుగో ముడి

ఆంద్రోత్ దీవి,
12 జనవరి 1984

తమ్ముడు ముత్తుకోయకు నీ ఇత్తాత్త పాతుమ్మాబి సలాం. అల్లా దయవల్ల ఇక్కడ అందరం క్షేమం.

నీ కిందటి ఉత్తరం నాలుగు పేజీలూ చదివాను. అందులో మూడున్నర పేజీలు ఆకాశంలో చుక్కల గురించే. మరదలు సుహరా కాలినొప్పి గురించి ఒక్క ముక్క రాశావు. నొప్పి ఎలా ఉందో ఈసారి సరిగ్గా రాయి.

మన బాప్పా మాలుమిగా ఓడలకు దారి చూపిన రోజుల్లో, చుక్క ఎత్తు కొలిచే చెక్కపలకా దానికి కట్టిన ముళ్ల తాడూ ఉండేవి, అవి అటక మీద ఉన్నాయేమో వెతకమన్నావు. చూస్తాను. ఎలుకలు తప్ప అటక మీద ఏమీ మిగిలినట్టు లేవు.

ఇక నా పని. నేను ఆడపిల్లలకు ఖురాన్ చదువు చెప్పే గది నీకు తెలుసు. కిందటి వానాకాలంలో దాని తలుపు గాలికి ఊడిపోయింది. పట్టుకునే లోపే సముద్రంలోకి పోయింది. కొబ్బరాకు తడిక కట్టుకుని ఇన్నాళ్లూ నెట్టుకొచ్చాను. మొన్న మసీదు కమిటీ పెద్దలు వచ్చి, ఈసారి వానల్లోపు తలుపు పెట్టకపోతే గది మూసెయ్యమన్నారు. పిల్లలను మగపిల్లల బడికి పంపుకోవచ్చట. చిన్నవాళ్లు వెళ్తారు. ఎదిగినవాళ్లను తల్లులు పంపరు. వాళ్ల చదువు అక్కడితో సరి.

ఇక్కడ కొబ్బరిచెట్టు తప్ప కలప లేదు. నువ్వు పనిచేసేది కలప డిపోలో. సెలవు దొరికితే చిత్రిక పట్టుకుని కూర్చుంటావు. ఆ తలుపేదో నువ్వే చెయ్యి. కొలతలు తర్వాత పంపుతాను. మే నెల మధ్యకల్లా సముద్రం మూతపడుతుంది. ఆఖరి ఓడలోపు తలుపు రావాలి.

తలుపుతో నువ్వూ రావాలి. ఈ ఇంట్లో తలుపు నిలబెట్టేది ఈ ఇంటి మగబిడ్డే. మీ బావ రాత్రికి వచ్చి తెల్లారి తన ఇంటికి పోయేవాడు, ఇక్కడ అతిథి. ఆయన సుత్తి పట్టడు, పట్టినా నేను పట్టనివ్వను. నువ్వు వచ్చి ఎనిమిదేళ్లయింది.

దువాలతో,
నీ ఇత్తాత్త


కల్లాయి, కోళిక్కోడ్,
4 ఫిబ్రవరి 1984

కన్నతల్లి ఉమ్మ తర్వాత ఉమ్మలాంటి ఇత్తాత్తకు ముత్తుకోయ వేనవేల సలాములు.

ముందుగా కాలినొప్పి సంగతి, లేకపోతే మళ్లీ తిడతావు. సుహరాకు నయమైంది. నన్ను తిట్టడానికి వంటింట్లోంచి పెరట్లోకి పరుగెత్తుకొస్తోంది. ఇంతకంటే రుజువేం కావాలి?

ఇప్పుడు నిన్నటి రోజు ఎలా గడిచిందో చెప్తాను, విను. శుక్రవారం, డిపోకు సెలవు. తెల్లవారి నమాజు అయ్యాక ఒక గ్లాసు నల్ల టీ తీసుకుని పెరట్లో నా పందిరి కిందికి వెళ్లాను. డిపోలో పారేసే పనస చెక్క ముక్కొకటి తెచ్చి పెట్టుకున్నాను, జానెడుంటుంది. దాన్ని చిత్రిక పట్టడం మొదలుపెట్టాను. పనసచెక్క లోపల ఎంత పసుపో నీకు తెలియదు ఇత్తాత్తా, తొన లాగే ఉంటుంది. చుట్టలు చుట్టలుగా పొట్టు రాలుతుంటే కాళ్ల మీద వెచ్చగా పడుతుంది. ఒక్క మనిషి మాట వినపడలేదు. ఏటిలో దుంగలు ఒకదానికొకటి తగులుతున్న చప్పుడు తప్ప ఇంకేం లేదు.

అప్పుడొక ఆలోచన వచ్చింది. చెట్టు బతికినన్నాళ్లూ ఉన్నచోటనే నిలబడి ఉంటుంది. చచ్చాక పడవై ఊళ్లన్నీ తిరుగుతుంది. నేను తలకిందులుగా పుట్టాను. తిరిగేవాళ్ల ఇంట్లో, నాలుగు వైపులా నీళ్లున్నచోట పుట్టి, ఒడ్డుకొచ్చి కుర్చీలో పాతుకుపోయాను. ఈ మాట సుహరాతో అంటే ఏమందో తెలుసా? "ఆ కుర్చీ మీరే చేశారు కదా, మూడు కాళ్ల మీదే నిలబడుతుంది. మీరు పాతుకుపోలేదు, ఒరిగిపోయారు" అంది. అంతటితో ఊరుకుందా! "ఇంట్లో ఒక్క పీటైనా నేలమీద సరిగ్గా ఆనదు, ఈయన సముద్రాన్ని కొలుస్తాడట!" అని పిల్లికి చెప్పింది.

చెప్పనీ. నేను చుక్కల విద్య నేర్చుకుంటున్నది పుస్తకం చూసి కొంత, ఆకాశం చూసి కొంత. ధ్రువచుక్క ఎంత పైకుంటే మనం అంత ఉత్తరాన ఉన్నట్టు. పలక కింది అంచు సముద్రపు గీతకు, పై అంచు చుక్కకు ఆనించి, తాడు పళ్ల మధ్య బిగించి పట్టాలి. ఏ ముడి దగ్గర కుదిరితే ఆ ముడి తాలూకు రేవు ఎదురుగా ఉన్నట్టు. ఇంతే! ఇంత చిన్న సంగతికి బాప్పా నన్ను ఎందుకు కూర్చోబెట్టి చెప్పలేదో.

సరిగ్గా పలక అంచులు నునుపు చేస్తుండగా మన ఆటక్కోయ వచ్చాడు, నిన్న పొద్దున దిగిన ఓడలోనే వచ్చాడట. "ఇత్తాత్త ఇచ్చింది. జాగ్రత్తగా నీ చేతికే ఇమ్మంది" అని ఒక పొట్లం పెట్టాడు. విప్పితే ముళ్ల తాడు! ఇత్తాత్తా, ఎలుకలు తప్ప ఏమీ లేవన్నావే! కళ్లకద్దుకున్నాను. ఆటక్కోయ నా వంక వింతగా చూసి, టీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

తలుపు గురించి బెంగ పెట్టుకోకు. చెక్క ఎంచి పక్కన పెట్టాను. కొలతలు రాయగానే మొదలుపెడతాను. త్వరగా రాయి.

నీ తమ్ముడు
ముత్తుకోయ


ఆంద్రోత్,
22 ఫిబ్రవరి 1984

ముత్తుకోయకు ఇత్తాత్త సలాం.

నీ ఉత్తరం అందలేదు. మా టపా సంచీని పొరపాటున వేరే దీవిలో దించారట. అది తిరిగి తిరిగి ఎప్పుడొస్తుందో.

ఆటక్కోయ వచ్చి చెప్పాడు. నేను పంపింది చేతికందగానే కళ్లకద్దుకున్నావట. అంత భక్తి అక్కర్లేదు. పని మొదలుపెట్టు. తాడులో ఎలా ఉంటే అలాగే చెయ్యి. నీ తెలివి వాడకు. ఒక వేలెడు ఎక్కువైనా, తక్కువైనా పనికిరాదు.

ఆరు దువాలు చేస్తే అందులో రెండు నీ కోసమే. తొందరగా కానీ.

ఇత్తాత్త


కల్లాయి,
12 మార్చి 1984

ఇత్తాత్తకు సలాములు.

నీ ఉత్తరం చూసి ఆశ్చర్యపోయాను. ఇన్నాళ్లూ నా చుక్కల పిచ్చికి నవ్విన దానివి, ఇప్పుడు నువ్వే 'పని మొదలుపెట్టు, తాడులో ఎలా ఉంటే అలాగే చెయ్యి' అని ఆజ్ఞ ఇచ్చావు! ఇక నన్ను ఆపేదెవరు? రాత్రీ పగలూ అదే పని.

మొదట తాడు మెలికలు తిరిగి ఉంది. కొబ్బరినూనె రాసి, కొసకు ఇటుక కట్టి పందిరికి వేలాడదీశాను. వారంలో చక్కగా సాగి నిటారుగా అయింది. ఎంత పొడుగు తాడు ఇత్తాత్తా! బాప్పా చేతులు అంత పొడుగా? నా చెయ్యి మొదటి రెండు ముళ్లు దాటి పోవడం లేదు. అందుకని సుహరాను డాబా మీద ఆ చివర నిలబెట్టి పలక పట్టుకోమన్నాను. ఈ చివర నేను తాడు పళ్ల మధ్య పెట్టుకుని కూర్చున్నాను. పక్కింటి ఔసేఫ్ తన డాబా మీంచి చూసి, "ఏం ముత్తుకోయా, పెళ్లాం ముక్కుకు తాడేశావా?" అని అరిచాడు. "సరిగ్గా చూడండి ఔసేఫన్నా, తాడు ఎవరి నోట్లో ఉందో!" అంది సుహరా. వీధి వీధంతా నవ్వింది. నేను జవాబు చెబుదామంటే నోట్లో తాడాయె.

ఇక్కడ ఒక చిక్కుంది. మాకు ఉత్తరాన సముద్రం లేదు, ఔసేఫ్ ఇల్లుంది. అందుకని వాళ్ల పెంకుల కప్పు అంచునే సముద్రపు గీత అనుకున్నాను. లెక్కలో అంత తేడా రాదులే.

ఇక అసలు సంగతి. ముళ్లు ఐదు. ఒక్కోదానికీ లెక్క కట్టాను. తాడు చివర కోళిక్కోడ్‌కు సరిపోయింది. ఐదో ముడి మంగళూరుకు కాస్త అటూ ఇటూ. మూడోది బొంబాయి. మొదటి రెండు ముళ్లు మాత్రం ఎంత కట్టినా మంచు సముద్రాలు దాటి పోతున్నాయి. బాప్పా అంత దూరం వెళ్లి వచ్చి మనకు చెప్పలేదంటావా?

నాలుగో ముడి దగ్గర ఆగిపోయాను. అది రత్నగిరి మీద పడింది. మన దీవి ఓడలు రత్నగిరి ఎప్పుడు వెళ్లాయి? ఎందుకు వెళ్తాయి? మరి బాప్పా తాడు మీద ఆ ఊరికో ముడెందుకు? పైగా ఆ ముడి మిగతా వాటికంటే గట్టిగా వేసి ఉంది, రెండు చుట్లు. అప్పుడు నాకు గుర్తొచ్చింది. నేను చిన్నప్పుడు ఒకసారి బాప్పా రెండు నెలలు ఆలస్యంగా వచ్చాడు, మామిడిపళ్ల బుట్టతో. రత్నగిరి మామిడికే కదా పేరు! అంత తియ్యటి మామిడి నేను మళ్లీ తినలేదు. ఆ పూట ఉమ్మ ఆయనతో మాట్లాడలేదు.

ఇత్తాత్తా, నువ్వు పెద్దదానివి, నీకు తెలిసే ఉంటుంది. బాప్పాకు అక్కడ ఎవరైనా ఉన్నారా? ఇంకో ఇల్లు? మనకు తోబుట్టువులు? అందుకేనా ఒక్క ముక్క రాయకుండా తాడు మాత్రం పంపావు? నేను ఎవరికీ చెప్పను. సుహరాకు చెప్పాను, తప్పదు కదా. డిపోలో మేస్త్రీకి చెప్పాను. అంతే.

అన్నట్టు, తలుపు కొలతలు ఇంకా రాలేదు. నువ్విలా ఆలస్యం చేస్తే నేనేం చేసేది?

నీ తమ్ముడు
ముత్తుకోయ


ఆంద్రోత్,
2 ఏప్రిల్ 1984

ముత్తుకోయకు.

సలాం. నీ రెండు ఉత్తరాలూ ఒకే ఓడలో వచ్చాయి. రెండుసార్లు చదివాను. లేచి కాళ్లూ చేతులూ కడిగి వుజూ చేసుకుని, నమాజు చేసుకుని, మనసు కుదుటపడ్డాక మళ్లీ చదివాను. అప్పుడూ అలాగే ఉన్నాయి.

అది బాప్పా తాడు కాదు. అది తలుపు కొలత. నేను పేనిన తాడు. కొలతల టేపు కోసం ఎవరిని అడగను? గుమ్మానికి పట్టి నా చేత్తో నేనే ముళ్లు వేశాను. ఇక్కడి ఆడవాళ్లం అందరం అలాగే కొలుస్తాం. ఉమ్మ నీ చొక్కాలు కూడా అలాగే కొలిచి కుట్టించింది. మర్చిపోయావు. పొట్లంలో చీటీ పెట్టాలని తోచలేదు, తాడు చూస్తే తెలియదా అనుకున్నాను.

విను. తాడు మొత్తం తలుపు ఎత్తు. మొదటి ముడి చెక్క మందం. రెండోది పై బందు. మూడోది వెడల్పు. ఐదోది కింది బందు.

నాలుగో ముడి గడియ.

చిన్నపిల్లలకు అందేట్టు కిందికి పెట్టాలని రెండు చుట్లు వేశాను. అక్కడ రత్నగిరి లేదు.

బాప్పాకు ఇంకో ఇల్లు లేదు. ఉన్న ఇంట్లో ఉమ్మ ముందు నిలబడటానికే ఆయనకు ధైర్యం చాలేది కాదు. ఆ ఏడు ఓడకు తెరచాప చిరిగి మంగళూరులో ఆగిపోయారు. మామిడిపళ్లు అక్కడి బజారులో కొన్నవి. ఉమ్మ బియ్యం తెమ్మంది, ఆయన మామిడిపళ్లు తెచ్చాడు. అందుకే ఆమె మాట్లాడలేదు.

డిపోలో మేస్త్రీకి చెప్పానన్నావు. వెళ్లి కాదని చెప్పు. పోయినవాళ్ల పేరు మన చేతిలో ఉంటుంది.

బాప్పా అసలు తాడు సంగతి కూడా చెప్పేస్తాను, నీ ప్రాణం కుదుటపడుతుంది. ఓడ మానేశాక దాంతో మేకను కట్టాడు. మేక తినేసింది. పలకను కోళ్లగూటికి అడ్డం పెట్టారు.

కమిటీ పెద్ద మొన్న మళ్లీ వచ్చాడు. తడికను వేలితో నొక్కి చూసి వెళ్లాడు. తిట్టినా బాగుండేది. పిల్లలు అడుగుతున్నారు, "ఇత్తాత్తా, తలుపు ఎక్కడిదాకా వచ్చింది?" అని. మంచు సముద్రం దాటిందని చెప్పనా?

ఇది నీకు అందేసరికి నెల కంటే ఎక్కువ ఉండదు. కూర్చుని తలుపు చెయ్యి.

పాతుమ్మాబి


కల్లాయి,
21 ఏప్రిల్ 1984

ఇత్తాత్తకు ముత్తుకోయ సలాములు, క్షమాపణలు.

నీ ఉత్తరం సుహరా పైకి చదివింది. మేక దగ్గరికి వచ్చేసరికి ఇక చదవలేక నేలమీద కూర్చుండిపోయింది. ఇప్పటికీ నన్ను చూసినప్పుడల్లా మేకలా అరుస్తోంది. వినపడనట్టు ఉంటున్నాను.

మేస్త్రీకి వెళ్లి చెప్పాను. "మా బాప్పాకు రత్నగిరిలో ఎవరూ లేరు" అన్నాను. ఆయన నా భుజం తట్టి, "అర్థమైందిలే ముత్తుకోయా, పెద్దవాళ్ల సంగతులు కప్పెట్టుకోవాలి" అన్నాడు. కాదు మొర్రో అంటే, "మా తాతకూ కన్ననూరులో ఉండేది" అన్నాడు. నేను కాదన్నకొద్దీ నమ్మకం పెరుగుతోంది. ఇక ఊరుకున్నాను.

తలుపు పని జోరుగా నడుస్తోంది. డిపో నుంచి రాగానే పందిరి కిందికి వెళ్తున్నాను. నాలుగు పనసపలకలు జోడించి, వెనక మూడు అడ్డపట్టీలు వేశాను. ఇత్తాత్తా, ఇది మాత్రం నేలమీద ఒరగదు, ఔసేఫ్ కూడా వచ్చి తట్టి చూసి మెచ్చుకున్నాడు. ఒక్కటే చిక్కు. తాడుకు నూనె రాసి ఇటుక కట్టానని చెప్పాను కదా. పీచుతాడాయె, కాస్త సాగింది. ఎంత సాగిందో నాకు తెలియదు. కాబట్టి తలుపు కాస్త పొడుగ్గా వస్తుంది. కోసుకోవచ్చు. పొట్టిగా ఉంటే అతకలేం కానీ, పొడుగైతే ఏం?

ఇంకో సంగతి. ఆఖరి ఓడలో ఆటక్కోయ వస్తున్నాడు. తలుపు వాడితో పంపిస్తాను. డిపోలో ఇది లెక్కలు చూసే కాలం, నాకు సెలవు దొరకదు. పడవలు చేసే హంసక్కోయకు చెప్పు, బందులు బిగించడం వాడికెంతసేపు. ఈ కాలంలో ఇంటి మగబిడ్డే నిలబెట్టాలని ఎవరు పట్టించుకుంటారు చెప్పు? నేను వానలయ్యాక, సెప్టెంబరులో తప్పకుండా వస్తాను.

హల్వా పొట్లం కూడా పంపుతున్నాను. పిల్లలకు పెట్టు.

నీ తమ్ముడు
ముత్తుకోయ


ఆంద్రోత్,
1 మే 1984

ముత్తుకోయకు ఇత్తాత్త సలాం.

సెప్టెంబరులో వస్తానని నువ్వు ఎనిమిదిసార్లు రాశావు.

నీకు సెలవు దొరక్క కాదు. బాప్పా పోయినప్పుడు వచ్చావు కదా, ఓడ ఎక్కిన దగ్గర్నుంచి దిగేదాకా నువ్వు వాంతులు చేసుకున్నావు. ఒడ్డున పడవవాళ్లు నవ్వారు. "మాలుమి కొడుకు సముద్రం తాగి వచ్చాడు" అన్నారు. నువ్వు విన్నావు. ఆ చొక్కా ఉతికింది నేనే. నేనూ విన్నాను. అప్పట్నుంచి నువ్వు సముద్రాన్ని డాబా మీంచే చూస్తున్నావు.

నీకొక మాట చెప్పాలి. ఉమ్మకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. బాప్పా కూడా వాంతులు చేసుకునేవాడు. ప్రతి ప్రయాణంలోనూ, మొదటి రోజంతా. ఉమ్మ ఉప్పు కలిపిన చింతపండు ఉండలు కట్టి నడుముకు కట్టేది. తాడు పళ్ల మధ్య పెట్టుకుంటే చుక్కా చూసినట్టుంటుంది, నోరూ మూసుకున్నట్టుంటుంది అని ఆయనే నాతో అన్నాడు. ఖలాసీలు మాలుమి దారి చూస్తున్నాడనుకునేవాళ్లు. నీకెందుకు కూర్చోబెట్టి చెప్పలేదని రాశావు. ఇది చెప్పాల్సివస్తుందని చెప్పలేదు.

హంసక్కోయకు నేను చెప్పను. తలుపు ఒక్కటే వస్తే గోడకు ఆనించి పెడతాను. అది అలాగే ఉంటుంది. పిల్లలు ఇళ్లకు వెళ్తారు. ఆఖరి ఓడ మే పదిహేనున అంటున్నారు.

హల్వా నువ్వే తీసుకురా.

ఇత్తాత్త


కల్లాయి,
10 మే 1984

ఇత్తాత్తా,

వస్తున్నాను. సుహరా చింతపండు ఉండలు కట్టింది. మొదటిసారి నవ్వలేదు.

ఈ ఉత్తరమూ నేనూ ఒకే ఓడలో వస్తామని నాకు తెలుసు. అయినా రాస్తున్నాను. రాస్తే వెనక్కి తగ్గలేను కదా.

ముత్తుకోయ


ఆంద్రోత్,
19 సెప్టెంబరు 1984

తమ్ముడు ముత్తుకోయకు ఇత్తాత్త పాతుమ్మాబి సలాం. సుహరాకు నా ముద్దులు.

సముద్రం తెరుచుకుంది. వానాకాలమంతా నువ్వు రాసిన ఉత్తరాలు పదకొండూ మొదటి ఓడలో కట్టగా వచ్చాయి. చదువుతున్నాను. మూడోదానిలో ఉన్నాను.

ఆఖరి ఓడలో వచ్చిన ఆ రోజు నువ్వు ఉన్నది ఒక్క పూట. తలుపు బిగించడం అయ్యీ కాకముందే ఓడ కూత వేసింది. ఏమీ మాట్లాడుకోలేదు. అందుకే ఇప్పుడు కాస్త ఎక్కువ రాస్తున్నాను.

పడవవాళ్లు నీ గురించి ఒడ్డున చెప్పుకునేది నీకు చేరి ఉండదు. ఓడ నుంచి దింపాక తలుపు పడవలో పట్టలేదు కాబట్టి నీళ్లలో వేసి వెనక కట్టి లాక్కొచ్చారు కదా. దరి దగ్గర అలకు కట్టు తెగింది. "పోతే పోనీ, కిందటి తలుపు దగ్గరికే పోతుంది" అన్నారట. నువ్వు దూకావు. నువ్వు ఈదగలవని వాళ్లు మర్చిపోయారు, నువ్వూ మర్చిపోయావనుకుంటాను. నోట్లో కొలతల తాడు అలాగే ఉంచుకుని, తలుపు మీద బోర్లా పడుకుని ఒడ్డుకు కొట్టుకొచ్చావు. నేను, ఎలా ఉన్నావు అని అడిగితే తాడు పళ్ల మధ్య నుంచి తియ్యకుండా తల ఊపావు. ఓడ దిగిన పూట బాప్పా కూడా అంతే. ఇప్పుడు ఒడ్డున మాట మారింది. "మాలుమి కొడుకు తలుపెక్కి వచ్చాడు" అంటున్నారు. ఎనిమిదేళ్ల కిందటిది ఎవరూ తలుచుకోవడం లేదు.

ఇప్పుడు తలుపు సంగతి. పొడుగైతే ఏం, కోసుకోవచ్చు అన్నావు. కోశావు. ఓడ కూత విని తొందరలో ఎక్కువ కోశావు. కింద రెండు వేళ్ల సందు ఉంది. అందులోంచి వాననీళ్లూ చిన్న పీతలూ వస్తాయి. పీత వస్తే పిల్లలు చదువు ఆపి అరుస్తారు. సందులో పాతగుడ్డ కుక్కుతున్నాం. గడియ మాత్రం నాలుగో ముడి దగ్గరే పెట్టావు. నువ్వు సాగదీసినందువల్ల ఇంకా కిందికి వచ్చింది. అందరికంటే చిన్నపిల్లకు కూడా అందుతోంది. ఒకరోజు అది లోపల గడియ వేసుకుని నన్ను వానలో నిలబెట్టింది. "ఎవరది?" అని లోపల్నుంచి నా గొంతుతోనే అడిగింది.

ఉపవాసాల నెల వానల్లోనే వచ్చింది. ఆ నెలలో గాలి ఎలా కొట్టిందో చెప్పలేను. మీ బావ ఇంటి పెంకులు లేచిపోయాయి. తలుపు కదల్లేదు. కమిటీ పెద్ద గొడుగు తిరగబడి, తడిసి ముద్దై వచ్చి తలుపు నెట్టి చూశాడు. తెరుచుకోలేదు. లోపల పిల్లలు ఖురాన్ ఓదుతున్నారు. కాసేపు చూరు కింద నిలబడి విని వెళ్లిపోయాడు. మళ్లీ గది మాట ఎత్తలేదు. ఈ ఏడు ఒక్క పిల్లా మానలేదు. అల్హందులిల్లాహ్.

ఇంకొకటి ఉంది. నీతో చెప్పకూడదనుకున్నాను, నీ తలకెక్కుతుంది. కానీ చెప్పకపోతే దాచినట్టవుతుంది.

నువ్వు కొలతల తాడూ, సంచీలోంచి తీసిన నీ పనస పలకా గూట్లో వదిలేసి వెళ్లావు. పిల్లలు వాటిని చూసి, ఇదేమిటి, అదేమిటి అని నా ప్రాణం తీశారు. చెప్తే నమ్మలేదు. వానలు తెరిపిచ్చాక ఒకరోజు పొద్దుగూకి మగ్రిబ్ నమాజు అయ్యాక వాళ్లను తీసుకుని మన ఇంటి ముందు ఒడ్డుకు వెళ్లాను. ఇక్కడ ఉత్తరాన ఔసేఫ్ ఇల్లు లేదు కదా. సముద్రపు గీత ఇంకా కనిపిస్తోంది, చుక్క అప్పుడే వచ్చింది. పిల్లలు దూరంగా నిలబడి పలక పట్టుకున్నారు. నేను ఇసకలో కూర్చుని తాడు నోట్లో పెట్టుకున్నాను. ఈ వయసులో. ఒక్కో ముడీ పట్టి చూశాను. మూడోది కుదరలేదు. ఐదోది కుదరలేదు.

నాలుగో ముడి దగ్గర పలక కింద సముద్రమూ పైన చుక్కా, రెండూ ఆనుకున్నాయి.

తప్పు చూశానేమో అని మర్నాడు మళ్లీ వెళ్లాను. అదే ముడి, మన రేవు ముడి.

అది బాప్పా లెక్క కాదు. నీ లెక్క అసలే కాదు. నేను గడియకు వేసిన ముడి, నువ్వు ఇటుక కట్టి పాడుచేసిన తాడు. దీని మీద నాలుగు పేజీలు రాయకు. డిపోలో మేస్త్రీకి చెప్పకు.

అదే గదికి కిటికీ రెక్కలు కూడా పాడైపోయాయి. కొలతలు ఈసారి కాగితం మీద అంకెల్లో రాసి ఇందులోనే పెట్టాను. రెక్కలు చేసి, తీసుకుని నువ్వే రా. సుహరాను కూడా తీసుకురా. తాడు పంపడం లేదు. దాన్ని గడియకు కట్టాను.

నీ ఇత్తాత్త
పాతుమ్మాబి